‘పూర్ స్టూడెంట్’ అంటే ఎవరు?
ఇంగ్లీషు విశేషణాల మధ్య సన్నని గీతలు

తెలుగులో ‘ఖాళీ’ అన్న మాట ఒక్కటే. బిందెలో నీళ్లు లేకపోతే బిందె ఖాళీ. ఆఫీసులో మనిషిని వేయకపోతే పోస్టు ఖాళీ. ఏమీ రాయకపోతే కాగితం ఖాళీ. పనేమీ లేకపోతే మనిషి ఖాళీ. నాలుగు చోట్లా మనకు ఒక్క మాటే సరిపోయింది. ఇంగ్లీషులో అలా సరిపోదు. బిందె ‘ఎంప్టీ’, పోస్టు ‘వేకెంట్’, కాగితం ‘బ్లాంక్’, మనిషి ‘ఫ్రీ’. డిక్షనరీ తిరగేస్తే ఈ నాలుగింటి ఎదురుగానూ ‘ఖాళీ’ అనే ఉంటుంది. అది తప్పేమీ కాదు. అయితే ఆ ఒక్క అర్థాన్నే నమ్ముకుని ‘సార్, సాయంత్రం నేను ఎంప్టీ’ అంటే మాత్రం వినేవారికి నవ్వొస్తుంది.

‘ఎంప్టీ’కి ‘వేకెంట్’కి తేడా మన హాస్టల్లోనే చూపిస్తాం. దసరా సెలవులకు అందరూ ట్రంకు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు వెళ్లిపోతారు. అప్పుడు గదులన్నీ ఎంప్టీ. కానీ ఒక్క సీటు కూడా వేకెంట్ కాదు. ఎందుకంటే ప్రతి సీటుకూ రిజిస్టరులో ఒక పేరు ఉంది. ఎవరైనా చదువు పూర్తి చేసుకుని వెళ్లిపోతే ఆ సీటు వేకెంట్ అవుతుంది, కొత్తవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లోపల ఏమీ లేదా, ఎవరూ లేరా అన్నది ఎంప్టీ చెబుతుంది. ఆ చోటు ఎవరికైనా ఇవ్వడానికి వీలుగా ఉందా అన్నది వేకెంట్ చెబుతుంది.

ఈ హాస్టల్ అన్నం తిని, ఇక్కడే చదువుకుని బయటికి వెళ్లినవాళ్లం మేము. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో, గ్రూప్ డిస్కషన్లలో, కాలేజీ సెమినార్లలో మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తున్నాం. మాటలు రాక ఆగిపోతున్నవారు కొందరైతే, ఉన్న మాటల్లో ఏది ఎక్కడ వాడాలో తెలియక ఆగిపోతున్నవారు ఎక్కువ మంది. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామని అనుకున్నప్పుడు, దగ్గర దగ్గర అర్థాలున్న ఇంగ్లీషు విశేషణాల గురించి రాయాలనుకున్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భయపడకండి. ఇది గ్రామర్ పాఠం కాదు.

ఇన్ని మాటలు ఎందుకు?

‘ఒకే అర్థానికి ఇన్ని మాటలెందుకు? ఇంగ్లీషువాళ్లకు పనిలేదా?’ అని మనలో చాలామందికి కోపం వస్తుంది. ముందు మన భాషనే చూసుకుందాం. చంటిపిల్లలు బువ్వ తింటారు. మనం అన్నం తింటాం. పెళ్లికి వచ్చినవారు భోజనం చేస్తారు. గుళ్లో పెడితే అది ప్రసాదం. పశువులకు వేస్తే మేత. చుట్టం ఇంటికొస్తే ‘మేత అయిందా?’ అని ఎవరూ అడగరు. ఈ తేడాలు మనకు ఏ మాస్టారూ నేర్పలేదు. అమ్మ మాట్లాడుతుంటే విని పట్టుకున్నాం. ఇంగ్లీషు మాత్రం చెవి ద్వారా కాకుండా పుస్తకం ద్వారా మన దగ్గరికి వచ్చింది. అందుకని ఆ భాషలో తేడాలను కష్టపడి తెలుసుకోవలసి వస్తోంది. ఇందులో మన తెలివితేటల లోపం ఏమీ లేదు.

ఇంగ్లీషులో మాటలు పెరగడానికి చరిత్రలో కారణం ఉంది. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించారు. తరవాత చాలాకాలం దర్బారులో, కోర్టుల్లో ఫ్రెంచి. చర్చిలో, చదువుల్లో లాటిన్. పొలాల్లో, ఇళ్లల్లో ఇంగ్లీషు నడిచాయి. చివరికి ఇంగ్లీషే నిలిచింది గానీ మిగతా రెండు భాషల మాటల్నీ కలుపుకుంది. అందుకే ‘రాజుకు సంబంధించిన’ అనడానికి మూడు విశేషణాలు మిగిలాయి. ‘కింగ్లీ’ పాత ఇంగ్లీషు మాట, ‘రాయల్’ ఫ్రెంచి నుంచి వచ్చింది, ‘రీగల్’ లాటిన్ నుంచి వచ్చింది. ఇల్లు, గృహం, మకాం అని మనం తెలుగు మాటనీ, సంస్కృతం మాటనీ, ఉర్దూ ద్వారా వచ్చిన మాటనీ పక్కపక్కన పెట్టుకుని మూడింటినీ వేర్వేరు చోట్ల వాడుకోవడం లేదూ? ఇదీ అంతే.

1852 ఈ విషయంలో గుర్తుంచుకోదగిన సంవత్సరం. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఆ ఏడాదే అచ్చయింది. దగ్గరి అర్థాలున్న ఇంగ్లీషు మాటల్ని గుంపులు గుంపులుగా పేర్చి పీటర్ మార్క్ రోజే అనే డాక్టరు చేసిన ‘థెసారస్’ కూడా ఆ ఏడాదే వచ్చింది. అప్పటికి ఆయన వయసు 73 ఏళ్లు. అయితే థెసారస్‌ను జాగ్రత్తగా వాడాలి. ఏయే మాటలు చుట్టాలో అది చెబుతుంది. ఏ చుట్టాన్ని ఏ శుభకార్యానికి పిలవాలో మనమే తెలుసుకోవాలి.

మొదటి తేడా: పక్కన ఎవరున్నారు?

ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. మాటలకు కూడా సహవాసం ఉంటుంది. ఒక మాటను తెలుసుకోవాలంటే అది ఏ మాటల పక్కన ఉంటుందో చూడాలని జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త చెప్పాడు. ఆయన 1919 నుంచి 1928 వరకు లాహోరులో ఇంగ్లీషు ప్రొఫెసరుగా పనిచేసినవాడు.

తెలుగులో ‘పెద్ద’ అన్న మాట తీసుకోండి. పెద్ద కొండ, పెద్ద చెట్టు, పెద్ద వాన, పెద్ద గొంతు, పెద్ద కుటుంబం, పెద్ద మనిషి. అన్నింటికీ ‘బిగ్’ వేసుకుంటూ పోతే కుదరదు. వాన పక్కన ‘హెవీ’ రావాలి. గొంతు పక్కన ‘లౌడ్’ రావాలి. కొండ ‘హై’. చెట్టు ‘టాల్’. హై, టాల్ రెండింటికీ ఎత్తు అనే అర్థం. అయితే వెడల్పు తక్కువగా ఉండి నిలువుగా పెరిగినదానికి టాల్ వాడతారు: మనిషి, చెట్టు, స్తంభం. నేల నుంచి ఎంత పైన ఉందో చెప్పాలన్నా, కొండ, గోడ లాంటి వాటికైనా హై వాడతారు. వార్డెన్ గారు టాల్. పైన తిరిగే ఫ్యాను హై. ధరలు, జ్వరం, మార్కులు కూడా హై అవుతాయి గానీ ఎన్నటికీ టాల్ కావు.

ఇక బిగ్, లార్జ్, గ్రేట్. ‘బిగ్’ మాటల్లో వాడే మాట: బిగ్ మిస్టేక్, బిగ్ ప్రాబ్లమ్. ‘లార్జ్’ కొంచెం మర్యాదగా, కొలతకు, సంఖ్యకు వాడే మాట: లార్జ్ నంబర్, లార్జ్ ఫ్యామిలీ. లార్జ్ మిస్టేక్ అని సాధారణంగా అనరు. ‘గ్రేట్’ కొలతను దాటి గొప్పతనం దాకా పోతుంది. అంబేడ్కర్ గారిని గ్రేట్ లీడర్ అంటాం. బిగ్ లీడర్ అంటే పెద్ద పదవిలో ఉన్న నాయకుడని అర్థం వస్తుంది. పెద్ద పదవిలో ఉన్నవాళ్లందరూ గొప్పవాళ్లు కారన్న సంగతి మీకు మేం చెప్పాలా!

టీ ‘స్ట్రాంగ్’ అవుతుంది, ఇంజన్ ‘పవర్‌ఫుల్’ అవుతుంది. రెండింటికీ శక్తి అనే అర్థమున్నా పవర్‌ఫుల్ టీ ఉండదు. సెలవు ‘సిక్ లీవ్’ అవుతుంది గానీ ‘ఇల్ లీవ్’ కాదు. ఇందులో తర్కం వెతికితే దొరకదు. ‘పచ్చి పాలు’ అంటాం, ‘పచ్చి అబద్ధం’ అంటాం. ‘పచ్చి నిజం’ కూడా అంటాం. ‘పచ్చి న్యాయం’ మాత్రం అనం. ఎందుకంటే మనవాళ్లు అనరు కాబట్టి. అంతే.

రెండో తేడా: తోక మారితే అర్థం మారుతుంది

కొన్ని విశేషణాలు ఒకే తల్లి పిల్లలు. చివరి అక్షరాలు మాత్రమే వేరు. పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో ఎక్కువగా దెబ్బ తీసేవి ఇవే.

హిస్టారిక్, హిస్టారికల్: చరిత్రలో నిలిచిపోయేంత ముఖ్యమైనది హిస్టారిక్. చరిత్రకు సంబంధించినది ఏదైనా హిస్టారికల్. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ వేలమందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగడం హిస్టారిక్ సంఘటన. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ హిస్టారికల్ సినిమా, అంటే చరిత్ర ఆధారంగా తీసినది. చరిత్ర మీద తీసిన ప్రతి సినిమా చరిత్రలో నిలవదు కదా.

ఎకనామిక్, ఎకనామికల్: డబ్బుకు, ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది ఎకనామిక్. పొదుపుగా ఖర్చయ్యేది ఎకనామికల్. ‘మా ఇంటి ఎకనామికల్ కండిషన్ బాగోలేదు’ అని మన పిల్లలు తరచు అంటుంటారు. అక్కడ ఎకనామిక్ రావాలి. కట్టెల పొయ్యి కంటే గ్యాసు పొయ్యి ఖర్చు కలిసొస్తుందని చెప్పాలంటే అప్పుడు ఎకనామికల్.

సెన్సిబుల్, సెన్సిటివ్: ఆలోచించి, వివేకంగా నడుచుకునేవాడు సెన్సిబుల్. చిన్న మాటకే మనసు నొచ్చుకునేవాడు, ఎదుటివారి మనసును త్వరగా పట్టుకోగలవాడు సెన్సిటివ్. కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్లవాడు సెన్సిటివ్‌గా ఉంటాడు. వాడిని ఏడిపించకుండా పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించే పదో తరగతి అన్న సెన్సిబుల్.

రెస్పెక్ట్‌ఫుల్, రెస్పెక్టబుల్, రెస్పెక్టివ్: గౌరవం ఇచ్చేవాడు రెస్పెక్ట్‌ఫుల్. గౌరవం పొందదగినవాడు రెస్పెక్టబుల్. మూడోదానికి గౌరవంతో సంబంధమే లేదు. ఎవరికి వారు, ఎవరివి వారివి అని దాని అర్థం. ‘అందరూ తమ రెస్పెక్టివ్ గదులకు వెళ్లండి’ అంటే ఎవరి గదికి వారు వెళ్లమని. గౌరవనీయమైన గదులకు వెళ్లమని కాదు!

బోర్డ్, బోరింగ్: విసుగు పుట్టించేది బోరింగ్. విసుగు పుట్టినవాడు బోర్డ్. ‘క్లాసులో ఐ యామ్ బోరింగ్’ అంటే నేనే అందరికీ విసుగు పుట్టిస్తున్నానని ఒప్పుకున్నట్టు. ఇంట్రెస్టెడ్, ఇంట్రెస్టింగ్; టైర్డ్, టైరింగ్; కన్ఫ్యూజ్డ్, కన్ఫ్యూజింగ్ జంటలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ‘ఇంగ్’ తోక ఉన్నది కారణాన్ని, ‘డ్’ శబ్దంతో ముగిసేది అనుభవించేవారిని చెబుతుంది.

మూడో తేడా: మెచ్చుకోవడమా, దెప్పడమా?

కొన్ని జంటలు చెప్పే విషయం ఒక్కటే. చెప్పేవారి మనసు మాత్రం వేరు. ఒంటిమీద కండ తక్కువగా ఉన్న మనిషిని మనమే మూడు రకాలుగా చెబుతాం. నచ్చితే నాజూగ్గా ఉంది అంటాం. ఊరికే చెప్పాలంటే సన్నగా ఉంది అంటాం. నచ్చకపోతే బక్కచిక్కింది అంటాం. ఇంగ్లీషులోనూ అంతే: స్లిమ్, థిన్, స్కిన్నీ. అన్నట్టు, థిన్ అన్న మాట పలుచని పదార్థాలకు కూడా వస్తుంది. మన మెస్‌లో సాంబారు థిన్‌గా ఉండొచ్చు. స్లిమ్‌గా మాత్రం ఉండదు.

పొదుపుగా ఉండేవాడు ‘థ్రిఫ్టీ’. పిసినారి ‘స్టింజీ’. ఇద్దరూ డబ్బు ఖర్చు పెట్టరు. ఒకరిని మెచ్చుకుంటున్నాం, ఇంకొకరిని తిడుతున్నాం. మంచి పనికి పేరొస్తే ‘ఫేమస్’, చెడ్డ పనికి పేరొస్తే ‘నొటోరియస్’. పసివాడి నిష్కల్మషం పెద్దవారిలో కనిపిస్తే ‘చైల్డ్‌లైక్’, పసివాడి మారాం పెద్దవారిలో కనిపిస్తే ‘చైల్డిష్’. ధర తక్కువైన వస్తువును ‘ఇన్‌ఎక్స్‌పెన్సివ్’ అంటే ధర గురించే చెప్పినట్టు. ‘చీప్’ అంటే నాణ్యత మీద కూడా అనుమానం పడుతుంది. చవక, చవకబారు అన్న మన మాటల మధ్య దూరమే అది.

బెర్ట్రాండ్ రస్సెల్ అనే తత్వవేత్త 1948లో బీబీసీ రేడియోలో దీన్ని సరదాగా ఎత్తిచూపాడు. ఒకే గుణాన్ని మనలో ఉంటే ఒక మాటతో, ఎదుటివారిలో ఉంటే దానికంటే కటువైన మాటతో, అక్కడ లేనివారి గురించైతే ఇంకా కటువైన మాటతో చెబుతామన్నది ఆయన గమనించిన సంగతి. మన మాటల్లో చెప్పాలంటే, నాది పట్టుదల, నీది పంతం, వాడిది మొండితనం. ఇంగ్లీషులో మొదటిది ‘ఫర్మ్’, చివరిది ‘స్టబర్న్’. ఎవరైనా ఒక వర్గం పిల్లలు ధైర్యంగా మాట్లాడితే ‘కాన్ఫిడెంట్’ అనీ, ఇంకో వర్గం పిల్లలు అంతే ధైర్యంగా మాట్లాడితే ‘ఆరొగెంట్’ అనీ అంటుంటే, అక్కడ పిల్లల్లో తేడా లేదు, చూసే కంట్లో ఉందని తెలుసుకోండి. విశేషణం చెప్పేది వస్తువు గురించే కాదు, చెప్పేవారి గురించి కూడా.

హాస్టల్లో చదివిన వాళ్లందరికీ అనుభవంలోకి వచ్చే జంట ఒకటుంది: ‘అలోన్’, ‘లోన్లీ’. పక్కన ఎవరూ లేకపోతే అలోన్. నాకు ఎవరూ లేరని మనసుకు అనిపిస్తే లోన్లీ. చేరిన మొదటి రాత్రి, హాల్లో నలభై మంది పడుకుని ఉండగా, దుప్పటి ముసుగులో ఏడ్చే పిల్లవాడు అలోన్ కాదు, లోన్లీ. నాలుగేళ్ల తరవాత పరీక్షల ముందు డాబా మీద ఒక్కడే కూర్చుని చదువుకునే అదే పిల్లవాడు అలోన్, కానీ లోన్లీ కాదు. ఈ రెండు మాటల మధ్య దూరాన్ని దాటించడమే హాస్టల్ చేసే పని అని మాకు అనిపిస్తుంది.

కాలం మార్చేసిన మాటలు

ఈ అర్థాలు రాతిమీద చెక్కినవి కావు. ఇప్పుడు ‘మంచి’ అనే అర్థంలో వాడే ‘నైస్’ ఒకప్పుడు మూర్ఖుడని తిట్టు. లాటిన్‌లో దాని మూలానికి ‘తెలియని’ అని అర్థం. ‘సిల్లీ’ కథ దీనికి తలకిందులు. పాత ఇంగ్లీషులో దాని మూలానికి ధన్యుడు, సుఖంగా ఉన్నవాడు అనే అర్థాలున్నాయి. ఇప్పుడది తెలివిలేనితనం. మన తెలుగు వాచకంలో అర్థం దిగజారిన మాటకు ఉదాహరణగా ‘కంపు’ను చెబుతారు. పూర్వం మంచి వాసనకు కూడా వాడిన మాట అది. కాబట్టి యాభై ఏళ్ల కిందటి పుస్తకం చూసి మాట నేర్చుకున్నా, ఈనాటి వాడుక ఏమిటో ఒకసారి సరిచూసుకోవాలి.

మన మీద వేసిన విశేషణాలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన గురించి మనం చెప్పుకునేటప్పుడు అందరం వాడే మాట ‘పూర్ స్టూడెంట్’. ఇంగ్లీషులో ఈ మాటకు మూడు అర్థాలు వస్తాయి. ఒకటి, డబ్బు లేని విద్యార్థి. రెండు, చదువులో వెనకబడిన విద్యార్థి. మూడు, ‘అయ్యో పాపం’ అని జాలిపడటం. మనం మొదటి అర్థంలో చెబుతాం. ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చున్నవారికి రెండోదో మూడోదో వినబడవచ్చు. అందుకని మాకు తోచింది ఇది: పేదరికాన్ని విద్యార్థి మీద కాక కుటుంబం మీద పెట్టండి. ‘ఎ స్టూడెంట్ ఫ్రమ్ ఎ పూర్ ఫ్యామిలీ’ అనండి. ‘లో ఇన్‌కమ్ ఫ్యామిలీ’ అన్నా సరే. అప్పుడు ఆదాయం గురించి చెప్పినట్టవుతుంది గానీ తెలివి గురించి కాదు.

‘హంబుల్ బ్యాక్‌గ్రౌండ్’ అన్న మాట కూడా వింటుంటాం. హంబుల్ అంటే హోదా తక్కువదే గానీ అందులో కొంత మర్యాద ఉంది, పుట్టుకను చూసి సిగ్గుపడటం లేదన్న ధ్వని ఉంది. అయితే ‘నేను హంబుల్’ అని చెప్పుకుంటే అర్థం వేరు, వినయం గలవాడినని చెప్పుకోవడం అవుతుంది. స్కాలర్‌షిప్పు ప్రకటనల్లో ‘నీడీ’, ‘డిజర్వింగ్’ అని రెండు మాటలు కనబడతాయి. మనకు లేనిది ఏమిటో నీడీ చెబుతుంది. మనకు ఉన్న అర్హత ఏమిటో డిజర్వింగ్ చెబుతుంది. దరఖాస్తులో మొదటిదానికి ఒక వాక్యం చాలు. రెండోదానికి నాలుగు వాక్యాలు రాయండి.

ఇంకో మాట. ‘పూర్ బట్ బ్రిలియంట్’ అని మనల్ని మెచ్చుకుంటుంటారు. మెచ్చుకోవాలన్న మనసు మంచిదే. కానీ మధ్యలో ఉన్న ‘బట్’ను చూడండి. పేదవాడే గానీ తెలివైనవాడు అంటే, మామూలుగా పేదవాళ్లకు తెలివి ఉండదని ముందే అనుకున్నట్టు. అక్కడ ‘అండ్’ పెడితే చాలు, ఆ అనుమానం పోతుంది.

మన పెద్దవాళ్లు ఈ తేడాల కోసం తీర్మానాలు చేశారు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ‘పంచమ’ అన్న పేరునే ఒప్పుకోలేదు. ఐదోవాళ్లమని వేరుగా లెక్కపెట్టే ఆ మాట స్థానంలో, ఈ నేల మొదటివాళ్లమని చెప్పే ‘ఆది ఆంధ్ర’ వచ్చింది. 1922లో ఎం.సి. రాజా ప్రయత్నంతో మద్రాసు శాసనమండలి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లకు ఆమోదం తెలిపింది. ఐదు అన్న అంకె పోయి మొదలు అన్న మాట వచ్చింది. మనుషులు అవే. విశేషణం మారింది.

ఇంగ్లీషులో అప్పుడు మనల్ని ‘డిప్రెస్డ్ క్లాసెస్’ అనేవారు. డిప్రెస్డ్ అంటే అణగి ఉన్న. ‘ఆప్రెస్డ్’ అంటే అణచివేతకు గురైన. రెండూ అణగడం గురించే అయినా మొదటిది స్థితిని చెప్పి ఊరుకుంటుంది. రెండోది వినగానే ‘ఎవరు అణచారు?’ అన్న ప్రశ్న వస్తుంది. ‘బ్యాక్‌వర్డ్’ కూడా అంతే. వెనకబడ్డారని చెబుతుంది గానీ వెనక్కి నెట్టినవారి ఊసెత్తదు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశం సందర్భంగా అంబేడ్కర్, రావు బహదూర్ ఆర్. శ్రీనివాసన్ కలిసి ఇచ్చిన అనుబంధ వినతిపత్రంలో డిప్రెస్డ్ క్లాసెస్ అన్న పేరును మార్చాలని, అది కించపరిచేదిగా ఉందని అడిగారు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో ‘షెడ్యూల్డ్ క్యాస్ట్స్’ అన్న మాట వచ్చింది. తరవాత రాజ్యాంగంలోకీ అదే వచ్చింది. షెడ్యూల్డ్ అంటే జాబితాలో చేర్చిన అని మాత్రమే. అందులో పొగడ్త లేదు, జాలి లేదు, తిట్టు లేదు. ఒక్కోసారి అన్నింటికంటే మర్యాదగల విశేషణం ఏ రంగూ లేని విశేషణమే.

1972లో బొంబాయిలో యువ రచయితలు దళిత్ పాంథర్స్ స్థాపించారు. దళిత అంటే నలిగిన, ముక్కలైన అని అర్థం. ఇతరులు పెట్టిన పేరును ఒప్పుకోవడం వేరు. జరిగిన అన్యాయాన్ని గుర్తుచేసే పేరును తామే ఎంచుకుని తలెత్తుకుని చెప్పడం వేరు. మాట ఎవరి నోట వచ్చిందన్నది కూడా అర్థంలో భాగమే.

నేర్చుకునే దారి

మాకు పనికొచ్చిన పద్ధతులు కొన్ని చెబుతాం.

ఒకటి: కొత్త విశేషణాన్ని ఒంటరిగా రాసుకోకండి. దాని పక్కన నామవాచకాన్ని కూడా కలిపి రాసుకోండి. ‘హెవీ’ అని కాకుండా ‘హెవీ రెయిన్’ అని రాసుకుంటే, అవసరమైనప్పుడు రెండూ కలిసే గుర్తొస్తాయి.

రెండు: ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీ చూశాక అక్కడితో ఆగకండి. నేర్చుకునేవారి కోసం ఇంగ్లీషులోనే రాసిన డిక్షనరీని కూడా చూడండి. ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు నేర్పుతూ తయారుచేసిన డిక్షనరీ 1942లో అక్కడే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్లీ వేసింది. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అదే. ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసమే పుట్టిన పుస్తకం కాబట్టి, ఏ మాట మెప్పుకు, ఏ మాట నిందకు వాడతారో గుర్తులు పెట్టి మరీ చెబుతుంది. హాస్టల్ లైబ్రరీలో లేకపోతే అడిగి తెప్పించుకోండి. ఫోనులో చూసుకునే వీలుంటే ఇంకా సులువు.

మూడు: మాటను వాడేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది దేని పక్కన వస్తుంది? ఇది మెప్పా, నిందా, రెండూ కాదా? ఈ మాట నన్ను అంటే నేను ఊరుకుంటానా? మూడో ప్రశ్న ఇంగ్లీషుకే కాదు, తెలుగుకూ పనికొస్తుంది.

నాలుగు: తప్పు మాట పడుతుందేమోనని నోరు కట్టేసుకోకండి. మాట పొరపాటైతే మరుక్షణమే సరిదిద్దుకోవచ్చు. మౌనాన్ని సరిదిద్దడం కష్టం. తోటివారు పొరపాటుగా మాట్లాడితే నవ్వి ఆపేయకండి, సరైన మాట అందించండి.

ఈ కింది వాటికి సరైన మాట ఏదో స్టడీ అవర్‌లో నలుగురూ కూర్చుని తేల్చుకోండి.

1. ఈ నెల కామాటి పోస్టు ఖాళీగా ఉంది. (ఎంప్టీ / వేకెంట్)
2. రాత్రి పెద్ద వాన పడింది. (బిగ్ / హెవీ)
3. మా జిల్లా ఆర్థిక పరిస్థితి మెరుగుపడింది. (ఎకనామిక్ / ఎకనామికల్)
4. సినిమా విసుగ్గా ఉంది. (బోర్డ్ / బోరింగ్)
5. ఆయన పేరుమోసిన దొంగ. (ఫేమస్ / నొటోరియస్)
6. అమ్మ పొదుపుగా ఉంటుంది, అందుకే మేం చదువుకోగలిగాం. (థ్రిఫ్టీ / స్టింజీ)

జవాబులు: 1. వేకెంట్. 2. హెవీ. 3. ఎకనామిక్. 4. బోరింగ్. 5. నొటోరియస్. 6. థ్రిఫ్టీ. ఆరోదానికి ఎవరైనా స్టింజీ అని రాస్తే వాళ్లమ్మగారికి చెప్పేస్తాం.

రేపు మీరు బయటికి వెళ్లాక మీ గురించి చాలామంది చాలా విశేషణాలు వాడతారు. రికార్డుల్లో కొన్ని ఉంటాయి, సిఫారసు ఉత్తరాల్లో కొన్ని ఉంటాయి, వెనకాల గుసగుసల్లో కొన్ని ఉంటాయి. వాటిలో ఏది మనకు సరిపోతుందో, ఏది సరిపోదో చెప్పగలిగేంత భాష మన దగ్గర ఉండాలి. ‘మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి’ అని ఎవరైనా అడిగినప్పుడు, ఊరు, పేరు చెప్పాక వచ్చే మొదటి విశేషణాన్ని మీరే ఎంచుకోండి. ఇంకొకరికి వదిలిపెట్టకండి.